ఒలిగో డీటీ జోలికి పోవద్దు

కావలి

కోడలు పిల్లా,

హిస్టోన్ల, అదే డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్ల, జన్యువుల మీద పీహెచ్‌డీ చేయబోతున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి మా వీధిలో నా నోటికి అడ్డూ ఆపూ లేదు. కూరగాయల అబ్బాయికి చెబితే "హిస్టరీనా అమ్మా?" అన్నాడు. అవునన్నాను, ఎవరు విడమరిచి చెబుతారు! అంత సంబరపడినదాన్ని, నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్‌లో "ఒలిగో డీటీతో సీడీఎన్‌ఏ" అన్న మాట చూసి టెన్షన్ పడ్డాను. సీడీఎన్‌ఏ అంటే ఆర్‌ఎన్‌ఏ నుంచి తీసే డీఎన్‌ఏ నకలు. ఒలిగో డీటీ ఆర్‌ఎన్‌ఏ చివర వరసగా ఏ అక్షరాలుండే పాలీ ఏ తోకకే అంటుకునే చిన్న డీఎన్‌ఏ ముక్క. చిక్కంతా అక్కడే.

ముందు చిన్నవి చెప్పేస్తాను. కణాలకు మైకోప్లాస్మా అనే బాక్టీరియా పట్టిందేమో పరీక్ష చేయించు. ప్రతి ప్లేటు మీదా తేదీ రాయి. థైమిడీన్ రెండుసార్లు వేసి కణాలన్నిటినీ ఒకే దశలో నిలబెట్టే డబుల్ థైమిడీన్ బ్లాక్‌లో ఉన్నంతసేపు డీఎన్‌ఏ కాపీ ఆగిపోయి ఉంటుంది కాబట్టి సున్నా గంట శాంపిల్‌లో హిస్టోన్ తక్కువే కనిపిస్తుంది, కంగారు పడకు. బ్లాక్ తీసే టైము మాత్రం తెల్లవారుజామున పెట్టుకో. శాంపిళ్ల కోసం అర్ధరాత్రి దాకా ఉండి హాస్టల్‌కి ఒక్కదానివే నడిచి వెళితే ఊరుకోను. తిండి మానేస్తే అసలు ఊరుకోను.

ఇక అసలు సంగతి. నేను రీసెర్చ్ చేసిన చోట సీనియర్ ఒకాయన ఉండేవారు. చేతి పని చూస్తే ముచ్చటేసేది. కణాల్లోంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, ఒలిగో డీటీ కాలమ్ గుండా పంపి, పాలీ ఏ తోక ఉన్నదాన్ని పట్టుకుని, ఏ ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో పట్టీలుగా చూపించే నార్తర్న్ బ్లాట్ చేసేవారు. ఫిల్ము కడిగితే పోల్చుకోవడానికి పెట్టిన యాక్టిన్ పట్టీ నల్లగా, నిండుగా వచ్చేది. హిస్టోన్ ఉండాల్సిన చోట ఖాళీ. కణాలు డీఎన్‌ఏ కాపీ అయ్యే ఎస్ దశలోకి రాలేదనుకున్నారు. థైమిడీన్ మార్చారు, సీరమ్ మార్చారు, కణాలనే మార్చారు. నెలలు గడిచాయి. కాలమ్‌కి అంటుకోకుండా కిందికి కారిపోయిన ద్రవాన్ని ఆయన ప్రతిసారీ సింకులో పారబోసేవారు. వెతుకుతున్నది అందులోనే పోయింది! హిస్టోన్ ఎంఆర్‌ఎన్‌ఏకి, అంటే ఆ జన్యువుల సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏకి, పాలీ ఏ తోక లేదని 1972లోనే తేలింది. ఆ జర్నల్ మా లైబ్రరీలోనే ఉండేది. ఆయనకు చెప్పే మనిషి లేక అట్టా జరిగింది. నీకు చెప్పడానికి నేనున్నాను కదే.

తోక బదులు హిస్టోన్ ఎంఆర్‌ఎన్‌ఏ చివర మడతపడిన చిన్న కాండం, ఉచ్చు (స్టెమ్ లూప్) ఉంటాయి. దాన్ని ఎస్‌ఎల్‌బీపీ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. పట్టు అంతా అక్కడే. మన పెన్నా ఆయకట్టులో నారుమడి లెక్క ఎంత ముఖ్యమో కణానికి హిస్టోన్ల లెక్క అంత ముఖ్యం. డీఎన్‌ఏ 147 బేస్ జతల చొప్పున ఎనిమిదేసి హిస్టోన్ల చుట్టూ చుట్టుకోవాలి. అవి చాలకపోతే కాపీ పని కుంటుతుంది, మిగిలిపోతే డీఎన్‌ఏకీ ఆర్‌ఎన్‌ఏకీ అడ్డదిడ్డంగా అంటుకుని విషమవుతాయి. ఎస్ దశ మొదట్లో సైక్లిన్ ఈ, సీడీకే2 అనే ప్రోటీన్లు కలిసి ఎన్‌పాట్ అనే ఇంకో ప్రోటీన్‌ని కదిలిస్తే జన్యువులు జోరందుకుంటాయి. కానీ ఆ జోరు మూడు నుంచి ఐదు రెట్లే. ఎంఆర్‌ఎన్‌ఏ మొత్తం పెరిగేది 35 రెట్ల దాకా. మిగతా పెరుగుదల చివర కత్తిరింపు బాగా సాగడం వల్ల, తయారైనది తొందరగా చెడకపోవడం వల్ల వస్తుంది. ఎస్ దశ అయిపోగానే కణం ఎస్‌ఎల్‌బీపీని కూల్చేస్తుంది. ఎంఆర్‌ఎన్‌ఏ చివర యూ అక్షరాలు తగిలించి దాన్నీ నాశనం చేస్తుంది. హైడ్రాక్సీయూరియా వేసి డీఎన్‌ఏ కాపీ ఆపి చూడు, ఆ ఎంఆర్‌ఎన్‌ఏ ఎంత త్వరగా మాయమవుతుందో! నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

కాబట్టి మొత్తం ఆర్‌ఎన్‌ఏ తీసుకుని, తోకతో పని లేకుండా ఎక్కడైనా అంటుకునే ఆరక్షరాల ముక్కలు, ర్యాండమ్ హెక్సామర్లు వాడు. ఒలిగో డీటీతో పూర్తిగా ఖాళీ వచ్చినా నయమే, అనుమానమైనా వస్తుంది. కొన్ని కణాల్లో కాస్త హిస్టోన్ ఎంఆర్‌ఎన్‌ఏకి పాలీ ఏ తోక కూడా తగులుకుంటుంది. ఆ కాస్త పట్టీ చూసి నువ్వు నమ్మేస్తావేమోనని నా భయం. పక్కన హెచ్3.3 అనే వేరే రకం హిస్టోన్ కూడా పెట్టుకో. దానికి తోక ఉంది, కణ చక్రం పొడుగునా ఉంటుంది. ఇంకొకటి, తోక లేని ఎస్ దశ హిస్టోన్ల జన్యువుల్లో ఇంట్రాన్లు, అంటే మధ్యలో కత్తిరించి తీసేసే ముక్కలు, లేవు. ఆర్‌ఎన్‌ఏలో డీఎన్‌ఏ కాస్త మిగిలినా అదే సైజు పట్టీ వచ్చి కూర్చుంటుంది. డీఎన్‌ఏని నరికే డీఎన్‌ఏజ్ వెయ్యి, సీడీఎన్‌ఏ తయారుచేసే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ లేని ట్యూబు ప్రతిసారీ పెట్టు.

ప్లాన్ మార్చి ఆదివారంలోగా పంపు. పండక్కి సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో ఇప్పుడే టికెట్ చేయించుకో, ఆఖర్లో వెయిటింగ్ లిస్ట్ అని ఏడవకు.

మీ అత్త