స్విచ్చి బాగుచేయకండి, పీకేయండి

ప్రశ్న ఇది: "కయాక్ మీద, అంటే నా చిన్న తెడ్డు పడవ మీద, బతికున్న ఎరల కోసం ట్యాంకు పెట్టుకున్నాను. దాని పంపు స్విచ్చి మూడు నెలలకోసారి మొరాయిస్తోంది. ఒక్కోసారి నొక్కగానే పనిచేస్తుంది, ఒక్కోసారి నాలుగు దెబ్బలు వేస్తే గానీ పనిచేయదు. ఉప్పునీటికి తట్టుకునే మంచి స్విచ్చి ఏదైనా ఉందా?"

లేదండీ. ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ముక్క తెలుసుకోవడానికి నాకు నాలుగు స్విచ్చులు, ఎనిమిది చేపలు, ఒక శనివారం ఖర్చయ్యాయి కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నేను శాండియేగోలో ఉంటాను. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పుట్టింది మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువుల మధ్య. ఇక్కడి లా హోయా షోర్స్ తీరం నుంచి కయాక్ వేసుకుని యెల్లోటెయిల్ కోసం వెళ్తుంటాను. ఈ చేపకి బతికున్న ఎర కనబడితే ఆగలేదు, చచ్చినదాన్ని చూపిస్తే మొహం తిప్పుకుంటుంది. అందుకే సీటు వెనక అయిదు గ్యాలన్ల ట్యాంకు, 12 వోల్టుల బ్యాటరీ, కింద నుంచి సముద్రపు నీళ్లు తోడిపోసే చిన్న పంపు. నా పంపు గంటకు 360 గ్యాలన్లది, అంటే నిమిషానికి ఆరు. ట్యాంకులో నీళ్లు నిమిషానికోసారి పూర్తిగా మారాలి. పంపు డబ్బా మీద రాసిన లెక్క అది. ట్యాంకు ఎత్తుకి తోడేసరికి అందులో చాలా తగ్గుతుంది.

మేం వాడే ఎర పసిఫిక్ మాకెరెల్. మన కానాగంతకి దాయాది అనుకోండి. మధ్యలో ఒక మాట. మన కానాగంత శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఆ కనగుర్త మన తీరపు తెలుగు మాటే. ప్యాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నంలో చేపలు పోగేసి, బొమ్మలు గీయించి, 1803లో పుస్తకం వేశాడు. అక్కడి నుంచి మన మాట శాస్త్రంలోకి ఎక్కింది. ఇక్కడి తోటి వేటగాళ్లకి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా "ఓహో" అని రీలు తిప్పుకుంటారు. మీరైనా విన్నారు, సంతోషం.

సరే, ఆ శనివారం. ఆగస్టు. కెలాగ్ పార్కు పక్కన పార్కింగు దొరకాలంటే తెల్లారకముందే ఉండాలి, ఎందుకంటే ఎనిమిదింటికి వచ్చే జనమంతా ఈతకీ, యోగాకీ ముందురోజు రాత్రే చోటు పట్టుకున్నట్టు కనిపిస్తారు. నాలుగున్నరకి చేరాను. అలలు దాటేటప్పుడు ఒకటి నెత్తి మీద నుంచి పోయింది, అది మామూలే. అక్కడి తీరం చేపలు పట్టకూడని రిజర్వు. దాని హద్దు దాటి బయటికి వచ్చేదాకా గాలం తడపడానికి లేదు. దాటాక సబికి వేశాను. సన్నటి తీగకి వరసగా ఆరు చిన్న గాలాలు ఉంటాయి చూడండి, అది. ఇరవై నిమిషాల్లో ఎనిమిది కానాగంతలు. స్విచ్చి వేస్తే పంపు బ్రహ్మాండంగా మోగింది. చేపలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఇక ఈ రోజు మనదే అనుకున్నాను.

పావుగంట తర్వాత ఏదో తేడాగా అనిపించింది. ఏమిటా అని చూస్తే, మోత లేదు. స్విచ్చి నొక్కాను, లేదు. కొట్టాను, రెండు క్షణాలు తిరిగి ఆగింది. బొటనవేలితో ఎడం పక్కకి అదిమిపట్టుకుంటే మాత్రం తిరుగుతోంది. ఇప్పుడు ఆలోచించండి. స్విచ్చి నా వెనక ఉంది. ఒక చెయ్యి వెనక్కి మెలితిప్పి స్విచ్చి పట్టుకోవాలి, రెండో చేత్తో తెడ్డు వెయ్యాలి. ఒక్క వైపే తెడ్డు వేస్తే కయాక్ ఏమవుతుంది? గానుగెద్దులా నేనూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాను. ట్యాంకులో చేపలు ఒక వైపు, ట్యాంకు బయట నేను ఇంకో వైపు.

పక్కనే ఉన్న ఒక పెద్దాయన తెడ్డు ఆపి కాసేపు చూసి, "బాబూ, స్విచ్చేనా?" అని అడిగాడు. ఔనన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు. పలకరింపంటే అదీ.

అదిమి అదిమి వేలు నొప్పెట్టి, ఫ్లాస్కు మూతతో నీళ్లు తోడి పోయడం మొదలుపెట్టాను. కానాగంత ఊరికే నిలబడే చేప కాదు. దానికి ప్రాణవాయువు దండిగా కావాలి. మూతతో పోసే నీళ్లు దానికి ఏ మూలకి? ముందు ఒకటి పక్కకి ఒరిగింది. తర్వాత రెండు. సరిగ్గా అప్పుడే యాభై గజాల దూరంలో పక్షులు దిగాయి. నీళ్లు కుతకుత ఉడుకుతున్నట్టు యెల్లోటెయిళ్లు పైకి లేచాయి. సగం ప్రాణంతో ఉన్నదాన్ని గాలానికి గుచ్చి విసిరాను. అది ఈదలేదు, ఆకులా తేలింది. ఆ పెద్దాయన రెండు పట్టాడు.

ఎనిమిది కానాగంతలతో ఇంటికొచ్చాను. మామిడికాయ వేసి పులుసు పెట్టింది మా ఆవిడ. "యెల్లోటెయిల్ అంటే ఇవేనా?" అని అడిగింది. పులుసు బాగుందని మాత్రం ఒప్పుకోవాలి.

ఆ రాత్రి స్విచ్చి విప్పాను. ఇక్కడి నుంచి మీ ప్రశ్నకి జవాబు.

పైన రబ్బరు టోపీ ఉన్న మామూలు టాగుల్ స్విచ్చి అది, అటూ ఇటూ వాల్చే పుల్లది. టోపీ తీస్తే లోపల ఉప్పు పొడి పేరుకుని ఉంది. వెనక తీగెలు తగిలించే రెండు కాళ్లలో ఒకటి బాగానే ఉంది. బ్యాటరీ ప్లస్సు వైపున్న కాలు మాత్రం పచ్చటి చిలుము పట్టి, గోటితో గీకితే రాలిపోయేంత సన్నబడింది. తీగె పైతొడుగు కోసి చూస్తే లోపల రెండంగుళాల దాకా రాగి నల్లబడింది. ఆ రబ్బరు టోపీ నీళ్లని లోపలికి రానివ్వదని అమ్మేవాళ్లు చెబుతారు. నా అనుభవంలో అది లోపలికి వచ్చిన నీళ్లని బయటికి పోనివ్వదు, అంతే. నీళ్లు ఎలా వస్తాయంటారా? ఎండలో కాగిన స్విచ్చి డబ్బా చల్లటి సముద్రంలో పడగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఏ సందు ఉంటే ఆ సందులోంచి తడిని పీల్చుకుంటుంది.

ఒక కాలే ఎందుకు పోయింది? ఇది నాకు తట్టడానికి రెండు రోజులు పట్టింది. స్విచ్చి ఆన్‌లో ఉన్నప్పుడు రెండు కాళ్ల మధ్యా వోల్టేజి తేడా దాదాపు ఉండదు. ఆఫ్‌లో ఉన్నప్పుడు మొత్తం 12 వోల్టులూ ఆ రెండు కాళ్ల మధ్యే నిలబడి ఉంటాయి. మధ్యలో ఉప్పు తడి ఉంటే సన్నగా కరెంటు పారుతూనే ఉంటుంది, ప్లస్సు వైపు రాగి కరిగి చిలుమవుతుంది. అంటే మన స్విచ్చి సముద్రంలో పాడవడం లేదు. గ్యారేజీలో, ఆఫ్ చేసి ఉంచిన వారం రోజుల్లో పాడవుతోంది. మనం నిద్రపోతుంటే అది కరుగుతోంది.

మీ స్విచ్చి ఏ స్థితిలో ఉందో చూడాలంటే విప్పక్కర్లేదు. పంపు తిరుగుతుండగా, వోల్టేజి కొలిచే మల్టీమీటరు మొనలు స్విచ్చి రెండు కాళ్లకీ పెట్టండి. మంచిదైతే సున్నాకి దగ్గరగా చూపిస్తుంది. నా మూడో స్విచ్చి 2 వోల్టుల పైనే చూపించింది. అంటే 12లో పంపుకి చేరేది పదే. పంపు నీరసంగా తిరుగుతుంది, మనం బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొంటాం. నేను కొన్నాను. నా పంపు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి ఆ రెండు వోల్టులూ నాలుగు వాట్ల వేడి అయి స్విచ్చి ప్లాస్టిక్కునే మెత్తబరుస్తాయి.

మా నాన్నకి ఫోన్లో ఇదంతా చెప్పాను. ఆయన టైగర్ రొయ్య రోజుల నుంచి చెరువులు చేసిన మనిషి. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారుజామున రొయ్య తేలుతుందని మా ఇంట్లో రాత్రిళ్లు ఎవరూ పూర్తిగా నిద్రపోయేవాళ్లు కాదు. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే: "పని లేనప్పుడు దానికి కరెంటు ఎందుకు ఉంచావురా?"

అప్పుడు గుర్తొచ్చింది. పంట తీశాక నాన్న స్టార్టరు డబ్బా ఆఫ్ చేసి వదిలేసేవారు కాదు. ఫ్యూజు క్యారియర్లు పీకి గుడ్డసంచీలో వేసుకుని ఇంటికి తెచ్చేవారు. దొంగల భయం అనుకునేవాణ్ణి. ఉప్పుగాలి డబ్బాని తినేస్తుందని అలా చేసేవారట. ముప్పై ఏళ్లు పట్టింది నాకీ సంగతి తెలియడానికి, అదీ పసిఫిక్ ఒడ్డున.

అందుకని నేను చేసింది చెబుతాను. స్విచ్చి పీకేశాను. దాని కన్నంలో రబ్బరు వాషరు వేసి స్టెయిన్‌లెస్ బోల్టు బిగించాను. బ్యాటరీ నుంచి వచ్చే తీగెకీ పంపు తీగెకీ మధ్య రెండు పిన్నుల ఎస్‌ఏఈ ప్లగ్గు పెట్టాను. మోటార్‌సైకిల్ బ్యాటరీలకి చార్జరు తగిలించడానికి వాడతారే, అదే. కలిపితే ఆన్, పీకితే ఆఫ్. ఒక్క జాగ్రత్త: ఆ ప్లగ్గులో ఒక పిన్ను బయటికి కనబడుతుంది, ఒకటి రబ్బరులో దాగి ఉంటుంది. బ్యాటరీ వైపు ప్లస్సు దాగిన దాంట్లోనే రావాలి. తిరగేస్తే పీకినప్పుడు ప్లస్సు బయటపడి తడిలో మళ్లీ అదే కథ. తీగె మామూలు రాగిది కాకుండా తగరం పూత ఉన్న మెరైన్ తీగె తీసుకోండి. అతుకుల మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్, అంటే వేడి తగిలితే బిగుసుకునే గొట్టం, వేయండి, నల్ల టేపు చుట్టి వదిలేయకండి. బ్యాటరీ ప్లస్సుకి జానెడు దూరంలోపు 5 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. పిన్నులకి తడి చేరకుండా కాస్త డైఎలెక్ట్రిక్ గ్రీజు. ఇంటికి రాగానే బ్యాటరీ బయటికి తీసేయాలి, ప్లగ్గుని మంచినీళ్లతో కడగాలి.

ప్లగ్గుని సీటు పక్కన, చేతికి అందేలా కట్టుకోండి. అలలు దాటేదాకా విడిగా ఉంచి, రెండు కొసలకీ రబ్బరు మూతలు పెట్టి, బయటికి వెళ్లాక కలుపుతాను. తడి చేతులతో కలపడం ఎలా అంటారేమో, 12 వోల్టులకి భయం లేదు.

ఇది చేయడానికి ముందు నేనొక వెర్రిపని కూడా చేశాను. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, బ్లూటూత్ రిలే పెట్టి ఫోన్లోంచి పంపు ఆన్ చేసేలా ఏర్పాటు చేశాను. ఇంట్లో చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. సముద్రంలో తడి వేళ్లకి ఫోను తెర పలకలేదు. ఆ టెన్షన్‌లో ఫోన్ని చొక్కాకి తుడిచాను, చొక్కా కూడా తడే.

కొందరు రీడ్ స్విచ్చి వాడమంటారు. గాజు గొట్టంలో మూసేసిన స్విచ్చి, బయట నుంచి అయస్కాంతం చూపిస్తే పనిచేస్తుంది. ఉప్పునీళ్లు దాన్ని ముట్టలేవు, ఆలోచన మంచిదే. కానీ చిన్న రీడ్ స్విచ్చి పంపు కరెంటుని నేరుగా మోయలేదు, లోపల పలుకులు అతుక్కుపోతాయి. ఆ కరెంటుని మోయడానికి మధ్యలో మాస్‌ఫెట్టో రిలేనో పెట్టాలి. టంకం పని మీకు సరదా అయితే చేసుకోండి. చేపలు పట్టడం సరదా అయితే ప్లగ్గు పెట్టుకోండి.

వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న ఖరీదైన స్విచ్చులు కొనమని వీడియోల్లో చెప్పేవాళ్ల మాట మాత్రం వినకండి. వాళ్ల స్విచ్చి ఎప్పుడూ కొత్తదే, వీడియో తీసేది బిగించిన రోజున కాబట్టి. ఐపీ 67 అనే గుర్తు మీటరు లోతు మంచినీళ్లలో అరగంట పెట్టి చేసే పరీక్షకి సంబంధించింది. అలల దెబ్బ, ఉప్పు, ఎండ, ఏడాది కాలం, ఇవేవీ అందులో లేవు. నా నాలుగింట్లో రెండిటి మీద ఆ గుర్తు ఉంది.

రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో రెండు ప్లగ్గులు మార్చాను, రెండోది చుట్టాలు వచ్చిన హడావిడిలో కడగడం మరిచిపోయినందుకు. అందుకే డబ్బాలో ఎప్పుడూ ఒక జత అదనంగా ఉంటుంది, ఫ్లాస్కు మూత కూడా.