మట్టి బస్తాలు మోసే 1951 షెవ్రొలే పికప్‌కి ఏ పెయింట్ వెయ్యాలి?

ప్రశ్న: అన్నా నమస్తే, మేము డాలస్ దగ్గర ఉంటాం. రెండేళ్ళ కిందట 1951 షెవ్రొలే 3100 పికప్ ఒకటి కొన్నాను, పాత ఓనరు దాన్ని కొంచెం కిందికి దించి ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు వేయించి వీ-ఎయిట్ ఇంజిన్ పెట్టించాడు, నడపడానికి ఏ ఇబ్బందీ లేదు, చూడ్డానికే బాలేదు. క్యాబిన్ మీద వెలిసిపోయిన ఆకుపచ్చ, ముందు ఫెండర్లు (చక్రాల మీది రేకులు) రెండూ గ్రే ప్రైమర్‌లో, కుడి డోరు ఇంకేదో బండిది, నీలం. ఫ్రెండు మ్యాట్ బ్లాక్ వేయించమంటాడు, పెయింట్ షాపాయన క్యాండీ రెడ్ అయితే షోలకి తీసుకెళ్ళొచ్చు అంటున్నాడు, మా ఆవిడేమో ఆ పాత ఆకుపచ్చే బావుంది అలానే ఉంచి పైన క్లియర్ (రంగు లేని మెరుపు పొర) కొట్టించమంటోంది. శని ఆదివారాలు నర్సరీకెళ్ళి మట్టి బస్తాలూ మొక్కలూ దీంట్లోనే తెస్తా, పిల్లలు వెనకెక్కి ఆడుకుంటారు. వీలైతే మా గ్యారేజ్‌లో నేనే పెయింట్ కొట్టుకోవాలని కూడా ఉంది. ఏ ఫినిష్ మంచిది?

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్నలోనే జవాబు ఉంది, మట్టి బస్తాలు అని రాశావు చూడు అక్కడ. బస్తా లాగితే వెనక సామాను వేసే బెడ్ అంచు గీసుకుంటుంది, పిల్లల బూట్లు వెనక ఫెండర్ మీద పడతాయి, పార్కింగ్‌లో పక్క కారు డోరు తగులుతుంది. అలాంటి బండికి దెబ్బ తగిలాక మళ్ళీ నువ్వే సరిచేసుకోగలిగిన పెయింట్ వెయ్యాలి. నేనైతే సింగిల్ స్టేజ్ యూరితేన్ (రంగూ మెరుపూ ఒకే పొరలో వచ్చే పెయింట్), మెటాలిక్ పొడి లేని సాదా రంగు, మామూలుగా మెరిసేలా వేస్తాను, రంగు కూడా ఆ బండి పుట్టినప్పటి ఆకుపచ్చే. ఎందుకో చెప్తా.

షాపాయన చెప్పిన క్యాండీతో మొదలుపెడదాం, ఎందుకంటే అందంలో దాన్ని మించింది లేదు, అది నేనూ ఒప్పుకుంటా. కాలిఫోర్నియా కస్టమ్ కార్ల వాళ్ళలో జో బైలాన్ అనే ఆయన పేరు మీదే క్యాండీ ఆపిల్ రెడ్‌ని చెప్పుకుంటారు, తడి రోడ్డు మీద టెయిల్ లైట్ ఎర్రగా మెరవడం చూసి ఆ మెరుపు కోసం ఏళ్ళ తరబడి కష్టపడ్డాడంటారు. కింద వెండి గానీ బంగారం గానీ బేస్ వేస్తారు, దాని మీద గాజు లాంటి ఎర్ర పొరలు ఒకదాని మీద ఒకటి, ఆపైన క్లియర్, వెలుతురు ఆ ఎరుపులోంచి కిందికి దిగి బేస్‌కి తగిలి మళ్ళీ పైకొస్తుంది కాబట్టి ఆ లోతు కనపడుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది, పొర పెరిగే కొద్దీ ఎరుపు ముదురుతుంది, అంటే డోరు మీద నాలుగు పొరలు ఫెండర్ మీద అయిదు పొరలు పడితే రెండూ రెండు రంగులు. నేను పనిచేసిన ఒక షాపులో క్యాండీ బండి ఒకటి వెనక ఫెండర్‌కి అరచేతి మేర గీత పడి వచ్చింది, ఆ ఒక్క ఫెండర్ కొట్టి చూస్తే కలవలేదు, మళ్ళీ కొట్టాం కలవలేదు, చివరికి ఆ పక్క మొత్తం ముందు నుంచి వెనక దాకా గీకి మళ్ళీ వేశాం. షోకి ట్రెయిలర్ మీద తీసుకెళ్ళే బండికి అది సరిపోతుంది, నర్సరీకెళ్ళే బండికి వద్దు.

మ్యాట్ బ్లాక్ విషయం. 1950లలో కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత కార్లని కోసి అతికి వెల్డింగ్ చేసి, పెయింట్‌కి డబ్బులు కూడేదాకా ప్రైమర్‌లోనే తిప్పేవాళ్ళు, ఆ లుక్ నచ్చి తర్వాత అదే ఒక స్టైల్ అయింది. ఇప్పుడు వేసేది ప్రైమర్ కాదనుకో, మెరుపు తగ్గించే సన్న పొడి కలిపిన క్లియర్. ఆ పొడి వల్ల పైపొర కంటికి కనపడనంత గరుకుగా ఉంటుంది, వెలుతురు చెదిరిపోతుంది, సన్న సన్న సొట్టలు కూడా అంతగా కనపడవు, అది దాని మంచి గుణం. కానీ ఆ గరుకు పోతే మ్యాట్ పోయినట్టే. రుద్దకూడదు, పాలిష్ పెట్టకూడదు, మామూలు వ్యాక్స్ తగలకూడదు, పిట్ట రెట్ట వేస్తే వెంటనే కడగాలి. మ్యాట్ బ్లాక్ ట్రక్ ఒకటి మా దగ్గర వేయించుకెళ్ళినాయన నెల తిరక్కుండా బ్రష్‌లు తిరిగే ఆటోమేటిక్ వాష్‌లో పెట్టాడు, తిరిగొచ్చేసరికి బానెట్ మీద మెరిసే చారలు, అవి తీసే మందు ఏదీ లేదు, ఆ ప్యానెల్ మళ్ళీ కొట్టడమే. బస్తాలు రాసుకునే బండికి ఇది క్యాండీ కంటే కూడా కష్టం.

నీ ఫెండర్ల మీద ఉన్న గ్రే ప్రైమర్ గురించి ఇక్కడే చెప్పాలి. మామూలు ప్రైమర్ సర్ఫేసర్ నీళ్ళు ఆపదు, స్పాంజిలా పీలుస్తుంది, వానలో మంచులో ఏళ్ళ తరబడి తిరిగితే కింద ఇనుము తుప్పు పట్టే ఉంటుంది, పైకి నున్నగానే కనపడుతుంది. ఆ రెండు ఫెండర్లూ ఇనుము కనపడేదాకా గీకించు, ఆ పాత ప్రైమర్ మీదే కొత్త పెయింట్ మాత్రం వెయ్యకు. ఇనుము బయటపడ్డాక ఎపాక్సీ ప్రైమర్ వేస్తే అది నీటిని ఆపుతుంది, లప్పం పెట్టాల్సి వస్తే ఆ ఎపాక్సీ మీదే పెట్టుకోవచ్చు.

ఇక మీ ఆవిడ మాట. అలానే ఉంచి క్లియర్ కొట్టడం నీ బండికి కుదరదు, ఎందుకంటే పాత రంగు ఉన్నది క్యాబిన్ మీదే, పైగా అది ఎండకి సున్నం లాగా పొడి బారి ఉంటుంది, ఆ పొడి మీదా తుప్పు మీదా క్లియర్ గట్టిగా పట్టుకోదు, ఒకటి రెండు ఎండాకాలాలకి పొట్టులా లేస్తుంది. కానీ ఆ రంగు బావుందన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. నువ్వొక పని చెయ్యి, క్యాబిన్ బయట ఆ పాత ఆకుపచ్చ మీదే, ఎండ తక్కువ తగిలిన చోట అరచేయంత చోటు ఎంచుకో. మిషన్ పెట్టకు, చేత్తోనే 1500 నంబర్ వాటర్ పేపర్ నీళ్ళలో ముంచి మెల్లగా నాలుగు రుద్దులు రుద్ది తుడిచి, గుడ్డతో కొంచెం పాలిష్ పట్టు. తెల్లగుడ్డకి ఆకుపచ్చ అంటుకుందా, అది సింగిల్ స్టేజ్ పెయింట్ అని గుర్తు, పైన వేరే క్లియర్ లేదు, రంగూ మెరుపూ ఒకటే పొరలో ఉన్నాయి. ఆ చోట కింద నుంచి ముదురు ఆకుపచ్చ పైకి తేలుతుంది, అడవిలో పొద్దున్నే తడిసిన ఆకు రంగు, ఫారెస్టర్ గ్రీన్ అని ఆ కాలపు షెవ్రొలే ట్రక్కులకి కంపెనీ మామూలుగా వేసిన రంగు. మీ ఆవిడని పిలిచి ఆ అరచేయంత చోటు చూపించు. ఆవిడకి నచ్చిన వెలిసిన రంగు, వెలవకముందు ఇదీ.

సింగిల్ స్టేజ్ ఎందుకంటున్నానంటే ఇంకో పెద్ద కారణం ఉంది. మెటాలిక్ రంగులో అల్యూమినియం రేకులు గన్ ప్రెషర్‌ని బట్టి దూరాన్ని బట్టి ఒక్కోలా పడుకుంటాయి, అందుకే విడిగా కొట్టిన డోరు బండికి బిగించాక వేరే రంగులా కనపడుతుంది. సాదా రంగుకి ఆ గొడవ చాలా తక్కువ. ఇవాళ ఫెండర్లు, వచ్చే వారం డోర్లు, పై నెల బెడ్, ఇలా విడివిడిగా కొట్టుకుని బిగించుకోవచ్చు, రేపు డోరుకి గీత పడితే ఆ డోరొక్కటే గీకి అదే రంగు అదే నిష్పత్తిలో కలిపి కొట్టుకోవచ్చు, చిన్న గీతలైతే రబ్బింగ్ పాలిష్‌తోనే పోతాయి. బేస్ కోట్ మీద క్లియర్ వేసే పద్ధతి చెడ్డదని కాదు, ఎండ తట్టుకోవడంలో అదే ఒక మెట్టు పైన, మెటాలిక్ వెయ్యాలంటే అదే మంచిది, కాకపోతే దెబ్బ తగిలిన ప్రతిసారీ రెండు పనులు. చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్య షెడ్డులో కార్ల పెయింట్‌ని డ్యూకో అనేవాళ్ళు, ఆ మాట డ్యూపాంట్ అనే అమెరికా కంపెనీ వాళ్ళ లాక్కర్ పెయింట్ పేరు, 1923లో వచ్చింది, అంతకుముందు కారుకి పెయింట్ ఆరడానికి వారాలు పట్టేది. మా మామయ్య ఏ కారు వచ్చినా ముందు ఒకటే అడిగేవాడు, ఇది ఇంట్లో ఉంటదా రోడ్డు మీద ఉంటదా అని, రోడ్డు మీదంటే సాదా రంగే చెప్పేవాడు. నేనిప్పుడు నీకు చెప్తున్నది ఆయన మాటే.

ఒకటి గుర్తుపెట్టుకో, ముదురు రంగు మెరిసేలా వేస్తే అద్దం లాగా ప్రతి సొట్టా చూపిస్తుంది. అందుకని పని అంతా కింద పొరలోనే ఉంది. 2కే ప్రైమర్ (గట్టిపడడానికి హార్డెనర్ కలిపే ప్రైమర్) కొట్టాక పైన పల్చగా నల్లపొడి గైడ్ కోట్ చల్లి, పొడుగు బ్లాక్‌కి 180 పేపర్ చుట్టి అడ్డంగా ఐమూలగా రుద్దు, నలుపు మిగిలిన చోటు గుంట, నలుపు ముందే పోయి ఇనుము కనపడిన చోటు గుబ్బ. తర్వాత 320, చివరికి 600 వాటర్ పేపర్. చేతి వేళ్ళతో నొక్కి రుద్దకు, వేళ్ళ చాళ్ళు పడి రంగు వేశాక కనపడతాయి. స్ప్రే గన్‌కి ప్రైమర్ అయితే 1.8 మిల్లీమీటర్ల నాజిల్, రంగుకి 1.3 లేదా 1.4. టైర్లకి పూసే సిలికాన్ షైన్ డబ్బా మాత్రం ఆ పనయ్యేదాకా గ్యారేజ్ దరిదాపుల్లో ఉండకూడదు, దాని తుంపర చాలు రంగు మీద చేపకళ్ళలా గుంటలు లేవడానికి.

పాత పెయింట్ గీకేటప్పుడు పొడి గీకుడు వద్దు, ఆ కాలం పెయింట్లలో సీసం ఉండొచ్చు, పిల్లలున్న ఇల్లు, తడిపి రుద్ది ఆ బురద విడిగా తీసెయ్యి.

ఇప్పుడు నీకు నచ్చని మాట. గ్యారేజ్‌లో నువ్వే కొట్టాలన్న ఆశ సగమే ఒప్పుకుంటా. హార్డెనర్ కలిపే యూరితేన్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా రావచ్చు, ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం వాసన తగిలినా ఊపిరాడదు. నాతో పనిచేసిన ఒక పెయింటర్ ఈ వృత్తి వదిలేసింది దానివల్లే, నలభై దాటలేదు అప్పటికి. మామూలు ఫిల్టర్ మాస్క్ నమ్ముకోకు, బయటి నుంచి గాలి పైపు ద్వారా వచ్చే మాస్క్ కావాలి, ఒళ్ళంతా కప్పుకోవాలి. పైగా అమెరికా ఇళ్ళల్లో చాలా చోట్ల గ్యాస్ వాటర్ హీటర్ గ్యారేజ్‌లోనే ఉంటుంది, థిన్నర్ ఆవిరికి ఆ మంట అందితే ఇల్లే పోతుంది. కాబట్టి విప్పడం, గీకడం, లప్పం, బ్లాక్‌తో రుద్దడం అంతా నువ్వు చేసుకో, ఖర్చులో ఎక్కువ భాగం ఆ కూలీలోనే ఉంటుంది, ప్రైమరూ రంగూ కొట్టే రోజులకి మాత్రం పెయింట్ కొట్టే బూత్ అద్దెకి తీసుకో, లేదా షాపులో ఇచ్చి కొట్టించు.

డబ్బా కొనేముందు చిన్న రేకు ముక్కని ఒంపు తిప్పి దాని మీద ఆ ఆకుపచ్చ కొట్టి చూడు, పొద్దున నీడలో, మధ్యాహ్నం ఎండలో, రాత్రి ట్యూబ్‌లైట్ కింద మూడుసార్లు. చక్రాలకి మీగడ రంగు వేస్తే నాకు ఇష్టం, అది నీ ఇష్టం. పెయింట్ కొట్టాక నెలా రెండు నెలలు వ్యాక్స్ పెట్టకు, ఊపిరి పీల్చుకోనీ. మిగిలిన రంగు హార్డెనర్ కలపకుండా గట్టిగా మూతేసి దాచుకో, మూత మీద ఫార్ములా రాసిపెట్టుకో.

ప్రశ్న: బాబూ, గుంటూరు నుంచి రాస్తున్నా. మా నాన్నగారి పాత మహీంద్రా పికప్ జీపు బాగుచేయిస్తున్నాను, మిలటరీ బండిలా మ్యాట్ ఆలివ్ గ్రీన్ వేయిద్దామని పెయింటర్‌కి అడ్వాన్స్ కూడా ఇచ్చాను. పర్లేదా?

జవాబు: బాబాయ్ గారూ, ఆపించండి, ఆ రంగు వద్దు. 1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 121వ రూల్ ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకి తప్ప ఎవరికీ వెయ్యకూడదు, మ్యాట్ అయినా మెరిసేదైనా అంతే. ఇంకే రంగు మార్చినా ఆర్సీలో ఉన్న రంగుతో కలవాలి కాబట్టి ముందు ఆర్టీవో ఆఫీసులో మాట్లాడి రాయించుకోండి. నాన్నగారి కాలంలో ఆ జీపు ఏ రంగులో ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది, నన్నడిగితే అదే వేయించండి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టి నెలల తరబడి షెడ్డు బయట మాత్రం వదలకండి, అది నీళ్ళు ఆపదు.

ప్రశ్న: అన్నయ్యా, మా ఆయన 1966 ఫోర్డ్ ఎఫ్-100కి తుప్పు రంగు అలానే ఉంచి అవిసె నూనె రుద్దుతున్నారు, ఫీనిక్స్‌లో ఉంటాం. చూడ్డానికి బావుంది గానీ ఎన్నాళ్ళుంటుంది? గ్యారేజ్ అంతా నూనె గుడ్డలే, మూలన బకెట్‌లో కుప్ప పోస్తున్నారు.

జవాబు: చెల్లెమ్మా, ఇది చదవగానే ముందు ఆ బకెట్ బయట పెట్టించు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డలు కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోక ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకుంటాయి, ఫీనిక్స్ ఎండల్లో ఇంకా తొందరగా. ఒక్కో గుడ్డ విప్పి ఇంటికి దూరంగా నేల మీద పరిచి బిర్రబిగిసేదాకా ఆరనివ్వండి, లేదా మూతున్న ఇనుప డబ్బాలో నీళ్ళు పోసి అందులో ముంచండి. నూనె విషయానికొస్తే మీ పొడి గాలిలో అది బానే పనిచేస్తుంది, పైపొర పొడిబారి తెల్లగా కనపడినప్పుడు మళ్ళీ పల్చగా రుద్ది, మిగిలింది పూర్తిగా తుడిచెయ్యాలి, వదిలేస్తే జిగురై దుమ్ము పట్టుకుంటుంది. రేపెప్పుడైనా అసలు పెయింట్ వేయించాలనుకుంటే మాత్రం షాపువాళ్ళకి నూనె రుద్దామని ముందే చెప్పండి, అది పూర్తిగా తీయకపోతే ప్రైమర్ పట్టదు.