మల్లెను ఇప్పుడు పెకలించకు

గుంటూరు, బ్రాడీపేట

చి. సౌ. అమ్మాయికి మామయ్య దీవించి రాసేది.

నిన్న రాత్రి మీ అన్నయ్య ఫోను చేశాడు. సింగ్ నగర్ ఇల్లు అమ్మకానికి కుదిరిందట. నెలాఖరులోగా మీ అమ్మ మల్లెను తవ్వించి పోరంకిలో మీ కొత్తింటి పెరట్లో నాటిస్తావట. పోయినవాళ్లలో ఒక్కొక్కరి పేరున ఒక్కో పూలమొక్క పెడతావట. వింటుంటే కళ్లు చెమర్చాయి. మన ఇంటి పిల్లల్లో ఈ ఆలోచన నీకు వచ్చినందుకు గర్వపడ్డాను. పడుకున్నాక ఇది ఏప్రిల్ నెల అని గుర్తొచ్చింది. ఇక నిద్ర పట్టలేదు. తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మల్లెను ఇప్పుడు పెకలించకు తల్లీ. మొక్క పూత మీద ఉంది. ముందు రోహిణి కార్తె ఉంది. అంత పాత మొదలును గడ్డపారతో లేపితే వేళ్లు సగం తెగుతాయి, మిగిలిన సగం విజయవాడ ఎండకు నిలవవు. ఇల్లు కొన్నవాళ్లను దీపావళి దాకా మొక్కను ఉండనివ్వమని అడుగు. మొహమాటమైతే చెప్పు, నేనే వచ్చి చేతులు జోడించి అడుగుతాను. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర ప్రవేశిస్తుంది. రెండు మంచి వానలు పడ్డాక నేలకు దగ్గరగా ఉన్న కొమ్మలను మూడింటిని వంచి, కణుపు కింద బెరడు కొంచెం గీరి, మట్టిలో పూడ్చి, లేవకుండా పైన ఇటుక పెట్టు. మూడు నాలుగు నెలల్లో వేళ్లు వస్తాయి. ఆ అంట్లు మూడూ బతికాయని కళ్లారా చూసుకున్నాకే తల్లిమొక్క మీద గడ్డపార వెయ్యి.

మిగతావి నీకు తెలిసినవే. అడుగున్నర గుంత, చివికిన పశువుల ఎరువు, సగం రోజైనా ఎండ. ఒక్కటి మాత్రం మరిచిపోకు, పెరటి మట్టిని అడుగు ఎత్తు లేపించు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మీ ఇంట్లో ఏమేం పోయాయో నువ్వు చూశావు. నీళ్లు తీశాక మీ అమ్మ నాకు ఫోను చేసి బీరువా గురించి, బియ్యం గురించి ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడప్పుడే పూత మొదలైన పారిజాతం నిలువునా చచ్చిపోయిందని ఏడ్చింది. మల్లె ఆకులన్నీ రాల్చి, దీపావళి నాటికి మోడు నుంచి చిగిర్చింది. నీళ్లు నిలిచే చోట పారిజాతం బతకదు. మీ అమ్మ పేరున అదీ పెట్టదలిస్తే ఎత్తైన మూల చూసి పెట్టు. రాలిన పూలు తొక్కకుండా ఏరుకునేలా కింద చోటు వదులు.

తాతయ్యకు నందివర్ధనం పెట్టు. ఆయన పొద్దున్నే పూజకు కోసిన పూలు అవే, పెద్దగా చాకిరీ కూడా అక్కరలేదు. మీ నాన్నగారికి సంపెంగ పెట్టాలనుకోవడం నాకు ఎంతో నచ్చింది. బావగారు చొక్కా జేబులో సంపెంగ వేసుకుని ఆఫీసుకు వెళ్లడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. కడియం నుంచి అంటుమొక్క తెప్పించు. గింజ మొక్కైతే పువ్వు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అది చెట్టవుతుంది కాబట్టి గోడకు దూరంగా నాటించు. అమ్మమ్మకు కనకాంబరం, పక్కనే మరువం పెట్టు. ఆమె కట్టిన కదంబంలో ఆ రెండూ లేని రోజు లేదు.

మొక్కల ముందు పేర్లు చెక్కిన రాతిపలకలు పెడతావని కూడా మీ అన్నయ్య చెప్పాడు. అవి వద్దు. రేపు ఏ మొక్కైనా ఎండిపోతే ఖాళీ నేల ముందు పేరు మిగులుతుంది, దాన్ని నువ్వు రోజూ చూడాలి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో విను. ఇది మీ అమ్మకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మా అమ్మ 1988 వైశాఖంలో పోయింది. అప్పటి మా ఇంటి పెరట్లో ఆమె పెంచిన మల్లెపొద ఉండేది. సాయంత్రం నాలుగింటికి కొంగులోకి మొగ్గలు కోసి, అరటినార తడిపి దండ కట్టేది. ఆమె పోయాక ఆ పొదే అమ్మ అనుకున్నాను. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రోజూ రెండు బిందెల నీళ్లు పోశాను, వానాకాలంలో కూడా. మాది నల్లరేగడి నేల, తడి ఒక పట్టాన ఆరదు. మల్లెకు చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, పుష్యంలో మోకాలెత్తున కొమ్మలు కత్తిరిస్తేనే కొత్త చిగురు వచ్చి వేసవిలో పూస్తుంది. అమ్మ ఏటా చేసిన పనే అది. నాకు తెలుసు. తెలిసీ చేయలేదు. ఆమె చేతులు తగిలిన కొమ్మలు అవి, ఎలా కోస్తాను?

ఆ సంక్రాంతికి మాకు పండగ లేదు. అయినా మీ అమ్మ వచ్చింది. కత్తెర తీసుకుని పెరట్లోకి వెళ్తుంటే నేను లాక్కున్నాను. "అమ్మను నరుకుతావా?" అని అరిచాను. ఆమె ఏమీ అనలేదు. పొద కింద ఒక ఇటుక ఉంటే తీసి పక్కన పెట్టి, తడి గోనెగుడ్డలో ఏదో చుట్టుకుని మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. అదేమిటని కూడా నేను అడగలేదు.

ఆ వేసవిలో పొద నిండా ఆకే, పూలు పదో పరకో. మరుసటి ఏడు ఆకు పసుపుబారింది. 1990 వానాకాలంలో పట్టుకుంటే మొదలు చేతిలోకి ఊడి వచ్చింది. వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. ఆ రోజు నేను అన్నం తినలేదు. అమ్మ రెండోసారి పోయింది, ఈసారి నా చేతులతో.

మరుసటి చైత్రంలో ఏదో పని మీద విజయవాడ వచ్చి మీ ఇంటి గేటు తీశాను. మల్లెల వాసన. వాకిలి పక్కన నడుమెత్తు పొద, తెల్లగా పూసి ఉంది. అప్పటికి గానీ ఆ ఇటుక నాకు అర్థం కాలేదు. ఆ సంక్రాంతికి ముందటి వానాకాలంలో వచ్చినప్పుడే కొమ్మను పూడ్చి వెళ్లింది మీ అమ్మ. నేను నిలబడి చూస్తుంటే నా వైపు చూడకుండా, "కాళ్లు కడుక్కో అన్నయ్యా, వడ్డిస్తాను" అంది. వచ్చేటప్పుడు రెండు మూరల దండ ఆకులో చుట్టి, అమ్మ ఫోటోకు వెయ్యమని ఇచ్చింది. తప్పు నాదని ఆమెతో ఒక్కసారీ అనలేదు. చెప్పడానికి ముప్పై ఏళ్లకు పైగా సమయం ఉన్నా చెప్పలేకపోయాను.

నువ్వు మీ అమ్మది అంటున్న మల్లె మా అమ్మది కూడా. అందుకే మూడు అంట్లు అన్నాను. ఒకటి నీకు, ఒకటి మీ అన్నయ్యకు, ఒకటి నాకు. ఇక్కడ ఇప్పుడు నేల లేదు, డాబా మీద పెద్ద కుండీ సిద్ధం చేస్తాను. పుష్యంలో తల్లిమొక్కకు కత్తిరింపు వేసే రోజు ముందే చెప్పు, పొద్దున మొదటి బస్సుకు వస్తాను. ఈ మధ్య నాకు చేయి వణుకుతోంది. కొమ్మలు నేను పట్టుకుంటాను, కత్తెర నువ్వు వెయ్యి.

అల్లుడుగారికి, పిల్లలకు దీవెనలు.

మీ మామయ్య