టాలీ వచ్చు, ఫైల్ ఎక్కడుందో తెలియదు

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. పాప చిత్తూరులో బీకాం ముగించి, కంప్యూటర్‌లో అకౌంట్లు రాసే టాలీ నేర్చుకుంది, సర్టిఫికెట్ కూడా ఉంది. మామిడి సీజన్‌కు ఒక జ్యూస్ ఫ్యాక్టరీ ఆఫీసులో మనిషి కావాలంటే పోయింది. తూకాల లెక్క ఉన్న ఎక్సెల్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసిమ్మన్నారంట. వేసిచ్చింది. పక్క కంప్యూటర్‌లో పెడితే తెరుచుకోలేదు. ‘బేసిక్సే రావు కదమ్మా’ అని పంపించేశారు. తిరుపతిలో ఆరు నెలల కోర్సులో చేర్పించాలా, సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనియ్యాలా?

జవాబు: అన్నా, కోర్సు వద్దు. కంప్యూటర్ కొనండి. ఎందుకో చెప్తాను.

ఆరోజు ఏం జరిగుంటుందో నాకు దాదాపు కళ్లకు కట్టినట్టుంది. ఆఫీసు కంప్యూటర్ల డెస్క్‌టాప్ మీద కనిపించే బొమ్మల్లో కొన్నింటికి ఎడమవైపు కింది మూలలో చిన్న బాణం గుర్తుంటుంది. అది ఫైల్ కాదు, షార్ట్‌కట్. అసలు ఫైల్ ఫలానా చోట ఉందని చెప్పే చీటీ, అంతే. పాప ఆ చీటీని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుంటుంది. పొలం చూపించమంటే పాస్‌బుక్ జిరాక్స్ చూపించినట్టయింది. దాని మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూసుంటే ‘షార్ట్‌కట్’ అని అక్కడే రాసుంటుంది.

ఇది పాప ఒక్కదాని సమస్య కాదు. తిరుపతి బైరాగిపట్టెడలో నా దగ్గరికొచ్చే డిగ్రీ పిల్లల్లో చాలామంది ఇంతే. ఫోన్‌లో పుట్టి పెరిగిన చెయ్యి వీళ్లది. ఫోటో తీస్తే గ్యాలరీలో పడుతుంది, వాట్సాప్‌లో పంపితే పోతుంది. అది ఎక్కడుందని ఫోన్ ఎప్పుడూ అడగదు. కంప్యూటర్ అడుగుతుంది. సేవ్ కొట్టగానే ‘ఎక్కడ పెట్టమంటావు’ అంటుంది. మనవాళ్లు చూడకుండా ఎంటర్ కొట్టేస్తారు, తర్వాత గంటసేపు వెతుకుతారు. టాలీ నేర్పిన చోట టాలీ ఒక్కటే నేర్పారు. దాని కింద ఉన్న విండోస్ సంగతి ‘అది అందరికీ వచ్చు కదా’ అని వదిలేశారు. ఆరు నెలల కోర్సుల్లోనూ ఎక్కువచోట్ల దీనికి రెండు మూడు రోజులే.

వచ్చినవాళ్లకు నేను మొదట చిన్న పని ఇస్తాను: ఒక ఫోల్డర్ తెరిచి, అందులో ఈరోజు తేదీ పేరుతో ఫైల్ సేవ్ చెయ్యమంటాను. పదిమందిలో సగంమంది ‘12/6’ అని కొడతారు. విండోస్ ఒప్పుకోదు. ఆ గీత ఫోల్డర్ల దారి చెప్పడానికి వాడే గుర్తు, పేరులో పెట్టకూడదు. కొందరు తెలివిగా ‘12-06’ అని పెడతారు. తీసుకుంటుంది గానీ, సీజన్ అయ్యేసరికి జూన్ 12 పక్కన జులై 12 వచ్చి కూర్చుంటుంది. 2026-06-12 అని ఏడాదిని ముందు పెడితే ఫైళ్లన్నీ తేదీ వరుసలో వాటంతటవే నిలబడతాయి. తూకాల లెక్క రాసే ఆఫీసులో ఈ ఒక్క అలవాటుకే మేనేజర్ ముఖం విప్పారుతుంది.

పాపకు ఇంట్లోనే పనుంది. మీ తోతాపురి తూకం చీటీలన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసి, కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించమనండి. ‘మామిడి’ అని ఒక ఫోల్డర్, లోపల ఏడాది, దాని లోపల చీటీలు వేరే, కూలి లెక్క వేరే. విండోస్ బటన్‌తో పాటు ఇ నొక్కితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వస్తుంది. రోజూ గంటసేపు అందులోనే తిరగాలి. ఒకే డ్రైవ్‌లో ఫైల్‌ను మౌస్‌తో లాగితే అది చోటు మారుతుంది, పెన్‌డ్రైవ్‌కు లాగితే కాపీ అవుతుంది. ఈ తేడా చేత్తో చేసి చూస్తేనే తెలిసేది. ఏదైనా తప్పు జరిగితే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే చేసింది వెనక్కి పోతుంది. డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌లో దొరుకుతుంది, కానీ పెన్‌డ్రైవ్‌లోంచి తీసేసింది మామూలుగా అక్కడికి రాదు, పోయిందంటే పోయినట్టే. మెయిల్‌లో జిప్ ఫైల్ (ఫైళ్లను కుదించి కట్టిన మూట) వస్తే దాన్ని తెరిచి లోపలే దిద్దకూడదు. ముందు ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ కొట్టాలి. లేకపోతే మధ్యాహ్నమంతా దిద్దిన లెక్క సాయంత్రానికి కనిపించదు. ఇలా ఏడ్చినవాళ్లను చూశాను, ఒకప్పుడు నేనూ ఏడ్చాను.

నెల రోజులు చాలు. ఆ తర్వాత తెలుగు టైపింగ్ మొదలుపెట్టమనండి, ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోనే. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో కొట్టింది, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తుంది. గ్రూప్-2 ఆలోచన ఉంటే, మెయిన్స్ దాటినవాళ్లకు కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ఈ సాధన అక్కడా పనికొస్తుంది.

ఇక కొనే సంగతి. కంపెనీ ఏదైనా ఒకటే. ర్యామ్ 8 జీబీ, ఫైళ్లు దాచుకోవడానికి పాత హార్డ్ డిస్క్ బదులు దానికన్నా వేగమైన ఎస్ఎస్‌డీ ఉందా చూడండి. సెకండ్ హ్యాండ్ షాపులో విండోస్ 10 ఉన్నవే ఎక్కువ చూపిస్తారు. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఫోల్డర్లు నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు గానీ, దాంట్లో బ్యాంకు పనులు చెయ్యొద్దు. ‘దీంట్లో విండోస్ 11 పడుతుందా’ అని డబ్బు ఇవ్వకముందే అడగండి, పడుతుందంటే అక్కడే వేయించి చూపించమనండి. పడదంటే ధర బాగా తగ్గించి అడగండి. అందులో విండోస్ బదులు ఉబుంటు ఉచితంగా వేసుకోవచ్చు, టాలీ మాత్రం విండోస్‌లోనే నడుస్తుంది.

కొన్నరోజే ఒక పెన్‌డ్రైవ్ కూడా తీసుకోండి. పాప అందులో ఫైల్ వేసి, ఎజెక్ట్ కొట్టి, సచివాలయంలోనో స్నేహితురాలి ఇంట్లోనో వేరే కంప్యూటర్‌లో పెట్టి తెరిచి చూడాలి. తెరుచుకుంటే ఆ ఫ్యాక్టరీకే మళ్లీ పంపండి.