బియ్యం డబ్బాలో దాచిన డబ్బు

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. నల్లగొండలో ఉపాధ్యాయుణ్ణి. రోజూ రాత్రి పడుకునే ముందు నోటుపుస్తకంలో అరపేజీ రాసుకోవడం ఇరవై ఏళ్ళ అలవాటు. ఉదయసముద్రం కట్ట మీద నడక, పాత రేడియోలు బాగుచేసే సరదా, ఎంతకీ తగ్గించలేని చాయ్‌లు, ఇంట్లో మాటలు, అన్నీ అందులో ఉంటాయి. ఆదివారం నలుగురు మిత్రులం కలిసినప్పుడు కొన్ని చదివి వినిపిస్తాను. నా భార్య బియ్యం డబ్బాలో డబ్బు దాచడం, నేను లేనప్పుడు తీసి లెక్కపెట్టుకోవడం గురించి రాసింది చదివితే అందరూ పడిపడి నవ్వారు. ఆ సంగతి ఒక మిత్రుడి ఇంట్లోంచి బయటికి వచ్చి, ఒక పెళ్ళిలో ఆమె చెవిన పడింది. ఇరవై రోజులుగా నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. నేను అబద్ధం రాయలేదు. ఇంత చిన్న విషయానికి ఇంత కోపమా? పుస్తకాలన్నీ తగలబెట్టి రాయడం మానేయమంటారా?

జవాబు: పైన ఇచ్చింది మీ ఉత్తరంలో సారం మాత్రమే. అసలుది నాలుగు పేజీలు. దాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి ఉద్యోగధర్మంగా, రెండోసారి ఇష్టంగా. వాల్వు రేడియో వేడెక్కుతున్నప్పుడు దుమ్ము కాలిన వాసన వస్తుందనీ, ఆ వాసన రాగానే మీ అమ్మగారు గుర్తొస్తారనీ రాశారు. అలా రాయగలిగిన మనిషిని రాయవద్దని నేను చెప్పను.

కానీ అదే ఉత్తరం మూడో పేజీలో, వేరే ఏదో చెబుతూ ఒక వాక్యం రాసి దాటిపోయారు. రెండేళ్ళ కిందట మీ మామగారిని రాత్రిపూట హైదరాబాద్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు, అడ్వాన్సు కట్టడానికి మీ బావమరిది తెల్లవారేదాకా తిరిగాడని. ఇంకోచోట, బియ్యం డబ్బాలో డబ్బు కనిపించడం మొదలై ‘సుమారు రెండేళ్ళు’ అని కూడా మీరే రాశారు. ఈ రెండింటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. మీకూ తెలియదు. తెలిసింది ఆమెకు ఒక్కరికే. ఈ రెండేళ్ళలో ఒక్కసారైనా ఆమెను అడిగినట్టు నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. నోట్లను పాత బస్సు టికెట్లో చుట్టి, రబ్బరుబ్యాండు వేసి, బియ్యంలో జానెడు లోతున పెడుతుందని మాత్రం రాశారు. అంత దగ్గరగా చూశారు కదా, అడగాలని ఎందుకు అనిపించలేదు?

నాకు తోచింది చెబుతాను. ఏదైనా మనసుకు తగిలితే మీరు రాత్రి పుస్తకం తెరుస్తారు. రాయగానే బరువు దిగిపోతుంది. దిగిపోయాక ఇక మాట్లాడాల్సిన అవసరం కనిపించదు. ఇరవై ఏళ్ళుగా ఆమెతో చెప్పాల్సినవి, ఆమెను అడగాల్సినవి ఆ పుస్తకం తినేస్తోంది.

రాస్తే మనసు తేలికపడుతుందన్నది నిజమే. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, సహ పరిశోధకురాలితో కలిసి కాలేజీ విద్యార్థులతో నాలుగు రోజులు వరుసగా, రోజుకు 15 నిమిషాలు రాయించారు. తమ జీవితంలో బాగా కలచివేసిన సంఘటనల గురించి, అప్పటి తమ భావాల గురించి రాసినవారు, ఆ తర్వాతి నెలల్లో మామూలు సంగతులు రాసినవారికన్నా తక్కువసార్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళారట. అయితే వాళ్ళు రాసింది తమ గాయం గురించి. మీరు ఆదివారం చదివింది ఆమెది.

‘ఇంత చిన్న విషయానికి’ అన్నారు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీకు నాకన్నా బాగా తెలుసు, మీ నడకదారే కదా. గర్భగుడి గోడ మీద పొద్దంతా కదలకుండా కనిపించే నీడ ఏదో ఒక్క స్తంభానిది కాదని అంటారు. ఎదురుగా ఉన్న స్తంభాల మధ్య నుంచి వెలుతురు చెదిరి పడటం వల్ల అది ఏర్పడుతుందట. మీ ఇంట్లో ఇరవై రోజుల మౌనాన్ని కూడా ఒక్క బియ్యం డబ్బాకు కట్టబెట్టకండి.

ఆమె పుట్టిల్లు దేవరకొండ వైపు అన్నారు. బోర్లు ఎండిపోయి, అప్పులు మిగిలి, ఊరు విడిచినవాళ్ళు ఆ వైపు చాలామందే. మాది పాలమూరు. ఇంటి పెద్ద బొంబాయి బస్సెక్కితే, పండక్కి వచ్చేదాకా పిల్లలకు అన్నం పెట్టింది పోపుల పెట్టెలోనో, బియ్యం అడుగునో దాచిన చిల్లరే. అలాంటి ఇళ్ళలో పెరిగిన ఆడవాళ్ళకు దాచుకోవడం భర్త మీద అపనమ్మకం కాదు, నిద్ర పట్టడానికి ఒక ఆసరా. నలుగురు మగవాళ్ళు నవ్వింది దాని గురించి. అది కూడా ఆమెకు తెలిసింది ఎక్కడ? పట్టుచీరలు కట్టుకున్న బంధువుల మధ్య, పెళ్ళి పందిట్లో.

ఇప్పుడు చేయాల్సింది. పుస్తకాలు తగలబెట్టకండి. అది పశ్చాత్తాపంలా కనిపించే అలక. ‘నీ వల్ల నా ఇరవై ఏళ్ళ రాతలు పోయాయి’ అన్న నింద ఆమె నెత్తిన పడుతుంది, మీరు నోరు విప్పకపోయినా సరే. పుట్టపాక చీర కొనిస్తే ఎలా ఉంటుందని అడిగారు. వద్దు. ఆమె ముందు ధర చూస్తుంది, తర్వాత మీ ముఖం చూస్తుంది. అత్తగారింటికి ఫోను చేసి పెద్దమనుషులను పిలిపించకండి. హాస్టల్లో ఉన్న అమ్మాయిని మధ్యలోకి అసలే లాగకండి. ఆమె ఇప్పటికే ‘అమ్మ గొంతు అలా ఉందేమిటి’ అని అడిగిందన్నారు. ‘తప్పు నాది, నేనే సరిచేసుకుంటాను’ అని చెప్పండి, చాలు.

మీ ఆవిడతో చెప్పాల్సింది కూడా పొడుగ్గా వద్దు. మీకు మాటలు బాగా వచ్చు, ఇక్కడ ప్రమాదం అదే. ‘నీ సంగతి నలుగురి ముందు చదివాను. వాళ్ళు నవ్వుతుంటే నేనూ నవ్వాను. తప్పు చేశాను.’ ఇంతే. మధ్యలో ‘కానీ’ రాకూడదు. ‘ఉన్నదే రాశాను’ అన్న మాట అసలు రాకూడదు. అది నిజమే కాబట్టే ఆమె అంత నొచ్చుకుంది. చెప్పాక ఆమె జవాబు కోసం ఎదురుగా నిలబడకండి, మీ పని చూసుకోండి.

డబ్బు గురించి ఇప్పుడు అడగకండి. ఈపాటికి దాన్ని వేరే చోటికి మార్చే ఉంటారు. ఎక్కడికని వెతకకండి, బియ్యం డబ్బా మూత కూడా తీయకండి. మీ మామగారి ఆ రాత్రి గురించి మాత్రం, ఆమె మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టాక, ఒక రోజు అడగండి. అడిగి వినండి. ఆ రాత్రి అరపేజీ ఖాళీగా వదిలేయండి.

ఇంకొకటి. ఇదివరకు పెనం మీది జొన్నరొట్టె నేరుగా మీ కంచంలో వేసేవారు, ఇప్పుడు మూతపెట్టి బల్ల మీద ఉంచి వెళ్తున్నారని బాధపడ్డారు. అయ్యా, ఇరవై రోజుల కోపంలోనూ మీకు షుగరు ఉందని ఆమె మరిచిపోలేదు. అన్నం వండి పడేయడం ఎంత సులువు! జొన్నపిండి వేడినీళ్ళతో కలిపి, చేత్తో తట్టి, కాల్చి, చల్లారకుండా మూత పెడుతున్నారు. చల్లారిపోతే నమలలేరని కదా.

ఆదివారం కూటమి మానేయాలా అని చివర్లో అడిగారు. వెళ్ళండి. ముందుగా ఆ నలుగురితో, పోయినసారి నేను చదవకూడనిది చదివాను, ఇక దాన్ని ఎక్కడా ఎత్తకండని చెప్పండి. తర్వాత, మూడు నెలలుగా విప్పుతూ బిగిస్తూ ఇప్పటికీ పలికించలేకపోయిన ఆ రేడియో గురించి రాసింది చదవండి. నవ్వుకోవడానికి అది చాలు.