చన్నీళ్ల డైవింగ్: టికెట్ల కంటే ముందు

చి. హారికకి,

ఐస్‌లాండ్ వెళ్లి సిల్‌ఫ్రా అనే నీళ్లు నిండిన నేల నెర్రెలో డైవ్ చేస్తానంటున్నావట, శంషాబాద్ నుంచి టికెట్లు కూడా వెతుకుతున్నావట. టికెట్లు ఆపి ముందు అక్కడి డైవ్ సెంటర్‌కి మెయిల్ పెట్టు. ఉత్త ఓపెన్ వాటర్ కార్డు (మొదటి మెట్టు డైవింగ్ సర్టిఫికెట్) చూపిస్తే దిగనివ్వరు. డ్రైసూట్ (లోపలికి నీళ్లు రాని సూట్) సర్టిఫికెట్టో, లేదా లాగ్‌బుక్‌లో, అంటే డైవ్‌లు రాసుకునే పుస్తకంలో, సంతకాలున్న డ్రైసూట్ డైవ్‌ల లెక్కో అడుగుతారు. అండమాన్‌లో 28 డిగ్రీల నీళ్లలో పల్చటి వెట్‌సూట్‌తో చేసినవి ఈ లెక్కలోకి రావు. సిల్‌ఫ్రా నీళ్లు ఏడాదంతా 2 నుంచి 4 డిగ్రీలే.

డ్రైసూట్ కోర్సు అక్కడే చేయొచ్చు. కానీ కోర్సు ఒకరోజు, మర్నాడే సిల్‌ఫ్రా అని ఇరికించకు. మధ్యలో మామూలు చెరువులో ఇంకో రెండు డైవ్‌లకి చోటుంచు. ఎందుకంటే ఆ సూట్‌లో గాలి ఉంటుంది. దిగేకొద్దీ అది కుంచించుకుని ఒళ్లంతా పట్టేస్తుంది. అప్పుడు ఛాతీ మీది వాల్వ్ చిన్నచిన్నగా నొక్కి గాలి వేసుకోవాలి. పైకొచ్చేటప్పుడు ఎడమ చెయ్యి ఎత్తితే భుజం దగ్గరి వాల్వ్‌లోంచి గాలి పోతుంది. తల కిందికి, కాళ్లు పైకి అయ్యాయా, గాలంతా పాదాల్లోకి చేరుతుంది, భుజం వాల్వ్ పనిచేయదు, నీ ప్రమేయం లేకుండా పైకి తేలిపోతావు. మోకాళ్లు ఛాతీకి ముడిచి ముందుకు పల్టీ కొట్టి, నిటారుగా అయ్యాక గాలి వదలాలి. ఇది ఆలోచించకుండా వచ్చేదాకా సాధన చెయ్యి.

మెయిల్‌లో ఎత్తు, బరువు, చెప్పుల సైజుతో పాటు మెడ, మణికట్టు కొలతలూ రాయి, నీళ్లు రాకుండా అక్కడ బిగుతు పట్టీలు (సీల్‌లు) ఉంటాయి. సన్నటి మణికట్టు అయితే చెయ్యి తిప్పినప్పుడల్లా నరాల పక్కనుంచి నీళ్లు కారతాయి. మెడ సీల్ మరీ బిగుతైతే కళ్లు తిరుగుతాయి, మొహమాటపడకుండా మార్పించుకో. లోపల కాటన్ వద్దు, చెమట పీల్చి చల్లబడుతుంది. ఉన్ని బట్టలు రెండు జతలు పెట్టుకో.

రెండో ప్రమాదం రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం. సిలిండర్‌లోని గాలి ఫస్ట్ స్టేజ్‌లో (సిలిండర్‌కి బిగించే భాగంలో) వ్యాకోచించి బాగా చల్లబడుతుంది. నీళ్లూ గడ్డకట్టే అంచునే ఉంటాయి కనుక మంచు పేరుకుని వాల్వ్ తెరుచుకునే ఉండిపోతుంది, గాలి ఆగకుండా వెళ్లిపోతుంది. నీళ్లలో దిగకముందు దాంతో ఊపిరి తీయకు, గాలిని బయటికి వదిలే పర్జ్ బటన్ ఊరికే నొక్కకు, సూట్‌లోకి గాలి వేస్తూ అదే క్షణంలో గట్టిగా పీల్చకు. అయినా మొదలైతే గైడ్ దగ్గరుండే ఆక్టోపస్ (అదనపు మౌత్‌పీస్) అందుకుని పైకి రా. నీ సొంత రెగ్యులేటర్ తీసుకెళ్దామనుకుంటే, ఈఎన్ 250 (రెగ్యులేటర్లకి యూరప్ ప్రమాణం) ముద్ర పక్కన '>10' అని ఉందేమో చూడు. ఉంటే అది 10 డిగ్రీల పైన నీళ్లకే, ఇంట్లోనే వదిలెయ్.

30 డిగ్రీల దగ్గర 200 బార్ ఒత్తిడి చూపించిన సిలిండర్ 3 డిగ్రీల నీళ్లలో దాదాపు 182 చూపిస్తుంది. లీకని కంగారుపడకు, కానీ గాలి లెక్క అక్కడినుంచే వేసుకో. మునగడానికి కట్టుకునే బరువులు సముద్రంలో వేసుకున్నన్ని అక్కర్లేదు, అది మంచినీరు. కానీ డ్రైసూట్ తేలుతుంది కాబట్టి చివరికి నీకు అలవాటైన దానికంటే ఎక్కువే పడతాయి. గైడ్‌తో నీళ్లలోనే సరిచూసుకో.

జూన్ నుంచి ఆగస్టు మధ్య వెళ్లు. సామాను తొడుక్కోవడం పార్కింగ్ దగ్గర ఆరుబయటే. డిసెంబర్‌లో ఆ చలిగాలికి వేళ్లు ముందే మొద్దుబారితే కింద బకిల్ కూడా తీయలేవు.

వీసాకి 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎలాగూ తీయాలి. స్కూబాని మినహాయింపుల్లో పెట్టే పాలసీలు చాలా ఉన్నాయి, ఆ పేజీ చదివి డైవింగ్‌కి విడిగా కవర్ తీసుకో. మెడికల్ ఫారంలో ఉబ్బసం, గుండె లాంటి వాటి దగ్గర ఒక్క 'అవును' ఉన్నా డాక్టర్ సంతకం ఇక్కడే చేయించు. అక్కడికెళ్లాక దొరకదు, డబ్బూ వెనక్కి రాదు.

తిరుగు విమానానికీ ఆఖరి డైవ్‌కీ మధ్య కనీసం 18 గంటలుండాలి. నేనైతే ఒక రోజు పూర్తిగా ఖాళీ ఉంచమంటాను. సెంటర్ వాళ్ల జవాబు రాగానే నాకు పంపు, తేదీలు కలిసి చూద్దాం.

– పెద్దనాన్న