బార్లీ కొనే ముందు గింజ కోసి చూడు

చిరంజీవి శ్రీనుకి,

గుణుపురం నుంచి పెదనాన్న ఆశీస్సులు.

బార్లీ నానబెట్టి రోజులు గడిచినా మొలక రాలేదనీ, పులిసిన వాసన వేస్తోందనీ ఫోన్లో చెప్పావు. నీళ్ళ గురించి టెన్షన్ పడకు. నువ్వు కిరాణా కొట్లో కొన్నది జావకి వాడే తెల్ల బార్లీ. మిల్లులో పొట్టుతో పాటు మొలకెత్తే మొన కూడా అరిగిపోతుంది. అది జావకే గానీ మాల్ట్‌కి, అంటే మొలకెత్తించి ఆరబెట్టే గింజకి, పనికిరాదు. పొట్టు తియ్యని గింజ తెప్పించు. విత్తనాల కొట్లో మందు పట్టించినది మాత్రం వద్దే వద్దు.

గింజ నీళ్ళు తాగి తేమ 42–46 శాతానికి చేరేసరికి మొలక భాగం జిబ్బరెలిన్ అనే హార్మోన్ని వదులుతుంది. అది పొట్టు కిందున్న అల్యూరాన్ పొరకి చేరుతుంది. బార్లీలో ఈ పొర దాదాపు మూడు వరసల కణాల మందం ఉంటుంది. అక్కడ పుట్టే ఎంజైములు ముందు పిండి కణాల గోడల్ని కరిగించాలి, అప్పుడే లోపలి పిండి చక్కెరగా మారుతుంది. గోడలు మందంగా ఉన్నా, ప్రొటీన్ ఎక్కువై పిండి బిగుసుకున్నా నీళ్ళు లోపలికి దిగవు. పైకి మొలక కనిపిస్తుంది, గింజ సగం గట్టిగానే మిగిలిపోతుంది.

అందుకే బ్లేడుతో గింజని అడ్డంగా కోసి చూడు. లోపల తెల్లగా, పొడిపొడిగా ఉంటే తీసుకో. గాజులా మెరిస్తే వదిలెయ్. యూరియా ఎక్కువ వేసిన చేలో ఇలాంటివి వస్తుంటాయి. ప్రొటీన్ 12 శాతం దాటితే నేనైతే తీసుకోను. జల్లెడ పట్టి సైజు కూడా చూడు. చిన్న గింజ ముందే నానిపోతుంది, పెద్దది వెనకబడుతుంది.

ఇంకో మాట. బార్లీ మొలకకి 15–18 డిగ్రీల చల్లదనం కావాలి. రాయగడలో అది చలికాలపు రాత్రుల్లోనే దొరుకుతుంది, మిగతా రోజుల్లో బూజు పడుతుంది. మన చోళ్ళకి (రాగులకి) 25–30 డిగ్రీలు హాయి. ఎంజైములూ బాగా పుడతాయి. మొలకెత్తిన చోళ్ళ పిండితో కాచిన అంబలి పల్చబడుతుంది కాబట్టి పసిపిల్లలకి అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టించొచ్చు. నీ మాల్ట్ వ్యాపారం చోళ్ళతోనే మొదలవ్వాలని నా కోరిక. మొలకల్ని సన్న సెగ మీదే ఆరబెట్టు, మాడిస్తే ఎంజైములు చచ్చిపోతాయి. ఆరాక వేళ్ళు నలిపి చెరిగెయ్, లేకపోతే చేదు.

బార్లీయే కావాలంటే, పైకం కట్టే ముందు 100 గింజలు తడిగుడ్డలో మూటకట్టు. వాటిలో కనీసం 95 అయినా మొలవకపోతే ఆ బస్తా వద్దు. కొత్త పంటైతే కొన్ని వారాలు ఆగి మళ్ళీ చూడు, అప్పటిదాకా గింజ నిద్రలోనే ఉంటుంది. బస్సులో ఎవరైనా ఇటు వస్తుంటే గుప్పెడు పంపు, కోసి చూసి చెప్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న